ఉద్యోగం మానేస్తే థీసిస్ పూర్తవుతుందా?

యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న డీటీపీ షాపులో ఆ రోజు నా పక్క కుర్చీలో ఒక లెక్చరరు కూర్చున్నాడు. చేతిలో ఎర్ర పెన్ను, ఒళ్లో మూడో అధ్యాయం ప్రూఫు. ఆపరేటరు టీకి వెళ్లాడు. ఈలోగా ఫోను మోగింది. అవతల ప్రిన్సిపాల్. రేపు ఇన్విజిలేషన్, ఎల్లుండి నుంచి అడ్మిషన్ల ప్రచారం, మండలంలో ఊళ్లన్నీ తిరగాలి. "సరే సార్, సరే సార్" అంటూ ఫోను పెట్టేసి నావైపు తిరిగాడు. "ఇట్లయితే ఈ జన్మల కాదన్నా. రిజైన్ చేసి పడేస్త."

అతనిది గవర్నమెంటు డిగ్రీ కాలేజీ. పదకొండేళ్ల సర్వీసు. పార్ట్ టైం పీహెచ్.డి.కి రిజిస్టరై ఐదేళ్లు దాటింది. ఎన్ని అధ్యాయాలయ్యాయని అడిగాను. రెండు రాశాడట, మూడోది ప్రూఫులో ఉంది. మొత్తం ఏడు.

ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, కాంట్రాక్టు అధ్యాపకులు. ఒక్కొక్కరి కథ ఒక్కోటి, లెక్క మాత్రం ఒకటే: ఉద్యోగం రోజుకు పది గంటలు మింగేస్తోంది, అది పోతే ఆ పది గంటలూ థీసిస్‌వే. ఈ లెక్క నిజంగా కుదురుతుందా అన్నదే ఈ వ్యాసం. నాకైతే సగమే కుదురుతుందనిపిస్తుంది. ఆ సగం ఏదో ముందుగా తెలియకే చాలామంది దెబ్బతిన్నారు.

మన దేశంలో థీసిస్ కోసం ఉద్యోగం వదిలినవాళ్లలో అందరికంటే పెద్ద పేరు అంబేడ్కర్‌ది. ఆయన డిగ్రీల జాబితా అందరికీ నోటికి వచ్చు. ఆ డిగ్రీల మధ్య ఉద్యోగాలు ఎలా వచ్చి పోయాయో చెప్పేవాళ్లు తక్కువ. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో కొలంబియా వెళ్లారు, తిరిగొచ్చాక పదేళ్లు సంస్థానంలో కొలువు చేస్తానని ఒప్పందం రాసిచ్చి. 1916లో లండన్ చేరి అక్కడ మరో థీసిస్ మొదలుపెట్టారు. మరుసటేడు స్కాలర్‌షిప్ గడువు తీరింది, పని మధ్యలో ఉండగానే ఓడెక్కాల్సి వచ్చింది. నాలుగేళ్ల లోపల తిరిగొచ్చి పూర్తి చేసుకోవచ్చని లండన్ విశ్వవిద్యాలయం అనుమతి ఇచ్చింది. అదొక్కటే చేతిలో ఉన్న ఆశ. విడిగా పంపిన పుస్తకాల పెట్టెలు టార్పెడో దెబ్బకు ఓడతో సహా మునిగిపోయాయి. బరోడాలో ఉద్యోగం ఉంది గానీ, ఉండడానికి ఇల్లు ఇచ్చేవాడు లేడు. ఆ అవమానంతో అది వదిలేశారు.

1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరారు. జీతం నెలకు 450 రూపాయలు, ఆ రోజుల్లో మంచి జీతమే. దాంట్లోంచి పొదుపు చేస్తూ వచ్చి 1920 మార్చిలో రాజీనామా చేశారు. ఆ పొదుపుకు కొల్హాపూర్ షాహు మహారాజు సాయం, మిత్రుడు నావల్ భథేనా దగ్గర అప్పు కలిపి జూలైలో లండన్ వెళ్లారు. 1921లో ఎమ్మెస్సీ వచ్చింది. 1922 అక్టోబరులో రూపాయి సమస్య మీద డి.ఎస్సీ. థీసిస్ సమర్పించారు. పరీక్షకులు సవరించమన్నారు. చేతిలో డబ్బు అయిపోయింది, బొంబాయి తిరిగొచ్చి సవరించి పంపారు. 1923లో డిగ్రీ వచ్చింది. ముందు మొదలైన కొలంబియా పీహెచ్.డి. మాత్రం పుస్తకం అచ్చయి వర్సిటీకి చేరాక 1927లో చేతికొచ్చింది. ఆ లండన్ ఏళ్లంతా రమాబాయి బొంబాయిలో పిల్లలతో సంసారం ఈదారు.

ఇందులో నాకు కనబడేవి రెండు. ఒకటి, ఆయన రాజీనామా చేసేనాటికి థీసిస్ ఆలోచన నాలుగేళ్ల పాతది, తిరిగి వెళ్లడానికి కాగితం మీద రాసిన గడువుంది, ఖర్చుకు లెక్క వేసుకున్నారు. ఆవేశంలో చేసిన పని కాదది. రెండోది, అంత లెక్క వేసుకున్నా చివర్లో డబ్బు చాలలేదు. ఈ రెండో సంగతి చెవికెక్కించుకునేవాళ్లు తక్కువ.

తెలుగు సాహిత్య పరిశోధనలో మొదటి తరం వారి దారి దీనికి ఎదురు. ఉస్మానియాలో తెలుగులో తొలి పీహెచ్.డి. బిరుదురాజు రామరాజు గారిది, 1956లో, జానపద గేయ సాహిత్యం మీద. సి. నారాయణరెడ్డి గారికి ఆధునికాంధ్ర కవిత్వం మీద 1962లో వచ్చింది. ఇద్దరూ పాఠాలు చెబుతూనే పూర్తి చేశారు. "వాళ్లు చేయగా లేనిది నువ్వెందుకు చేయలేవు" అని గైడ్లు స్కాలర్లను దెప్పడం నేను విన్నాను. దెప్పవచ్చు గానీ పోలిక సరికాదు. యూనివర్సిటీ అధ్యాపకుడికి ఉద్యోగం చేసే చోటే గ్రంథాలయం, మాట్లాడుకునే మనుషులే ఆ రంగం పండితులు. జిల్లా కేంద్రానికి నలభై మైళ్ల అవతల జూనియర్ కాలేజీలో పనిచేసేవాడికి పాత పత్రిక సంచిక ఒకటి చూడాలంటే ఒక క్యాజువల్ లీవూ, రెండు బస్సులూ కావాలి. ఉద్యోగం ఉందా లేదా అన్నది కాదు అసలు తేడా, ఆ ఉద్యోగం పరిశోధనకు ఎంత దూరంలో ఉందన్నది.

ఇప్పటి వాళ్ల మెడ మీద ఉన్న కత్తి గడువు. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్.డి.కి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠం 6 ఏళ్లు. రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుంటే మరో 2, మొత్తం 8 దాటకూడదు. మహిళలకూ, 40 శాతం మించిన వైకల్యం ఉన్నవారికీ ఇంకో 2 ఏళ్లు. పార్ట్ టైం స్కాలరుకూ ఇవే గడువులు. హాస్టల్లో ఉండి ఫెలోషిప్ తీసుకునే కుర్రవాడికీ, వారానికి పదహారు పీరియడ్లు చెప్పే లెక్చరరుకూ గడియారం ఒకే వేగంతో తిరుగుతుంది. రాజీనామా ఆలోచన ఐదో ఏటనో ఆరో ఏటనో పుట్టడానికి కారణం ఇదే. మొదటి మూడేళ్లలో ఎవరికీ తట్టదు.

అవే నిబంధనల్లో ఇంకో మాటుంది. పార్ట్ టైంలో చేరేవారు తమ యాజమాన్యం నుంచి ఎన్వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి. అందులో ఏముండాలో కూడా చెప్పారు: పార్ట్ టైంగా చదువుకోవడానికి అనుమతి ఉందని, ఉద్యోగ విధులు పరిశోధనకు చాలినంత సమయం మిగులుస్తాయని, అవసరమైతే కోర్సువర్క్ కోసం రిలీవ్ చేస్తామని. నా పక్క కుర్చీలోని లెక్చరరు ఎన్వోసీ మీద కూడా ఎవరో ఒక అధికారి ఇలాంటి మాటల కిందే సంతకం పెట్టి ఉంటారు. తర్వాత ఆ కాగితం ఫైల్లోకి పోయింది. అడ్మిషన్ల ప్రచారం, ఓటర్ల జాబితా, స్పాట్ వాల్యుయేషన్, న్యాక్ తనిఖీ బృందం వస్తే పాత రిజిస్టర్లు కొత్తగా రాయడం వచ్చి పడ్డాయి. చాలినంత సమయం అన్నది ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు.

ఒకప్పుడు ఈ చిక్కుకు విరుగుడు ఉండేది. యూజీసీ ఫ్యాకల్టీ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రాం కింద కాలేజీ అధ్యాపకుడు పూర్తి జీతంతో సెలవు మీద వెళ్లి థీసిస్ పూర్తి చేసుకునేవాడు, అతని బదులు పాఠాలు చెప్పేవాడి జీతం యూజీసీ ఇచ్చేది. ఇంజినీరింగ్ అధ్యాపకులను ఐఐటీల వంటి చోట్లకు పంపే క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రాం 1970లో మొదలైంది. మా ముందు తరంలో థీసిస్ పూర్తి చేసిన డిగ్రీ కాలేజీ మాస్టార్లలో చాలామంది ఇలా యూజీసీ పథకం కింద సెలవు మీద వెళ్లిన టీచర్ ఫెలోలే. బదులు మనిషి ఖర్చు పైనుంచి వచ్చేది కనుక ప్రిన్సిపాల్‌కూ అభ్యంతరం ఉండేది కాదు, అందులోనే ఉంది కీలకం. పంచవర్ష ప్రణాళికలు 2017తో ముగిశాక ఆ యూజీసీ పథకం ఊసు మా చుట్టుపక్కల కాలేజీల్లో నేను వినలేదు. మిగిలింది స్టడీ లీవు. యూజీసీ 2018 నిబంధనల్లో అది ఉంది, తిరిగొచ్చాక పనిచేస్తామని బాండు రాయాలి. ప్రైవేటు కాలేజీలో అయితే స్టడీ లీవు అన్న మాట ఎత్తితే చాలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో ఉన్నాయన్న సంగతి గుర్తొస్తుంది. కాంట్రాక్టు వాళ్లకు అడగడానికే ఏమీ లేదు. అసలు అన్యాయం వాళ్లది. రాజీనామాకు భయపడాల్సినంత భద్రత వాళ్లకు ఏనాడూ లేదు.

నా పక్క కుర్చీ మనిషిని నేను అడిగింది ఒకటే. "సర్వీసు రిజిస్టర్లో హాఫ్ పే లీవు ఎంతుంది?" అతను చూసుకోలేదు. రాష్ట్ర ప్రభుత్వ సర్వీసులో ఏడాదికి 20 రోజుల చొప్పున అది జమవుతూనే ఉంటుంది. పదకొండేళ్లకు 220 రోజులు. మనవాళ్లకు దాని మీద చిన్నచూపు, జబ్బు చేస్తే కమ్యూట్ చేసుకోవడానికి తప్ప పనికిరాదన్నట్టు. సొంత పనుల మీద కూడా పెట్టుకోవచ్చు. జీతం సగమే వస్తుంది, అయినా సగం వస్తుంది, ఉద్యోగం పోదు. అదీ అయిపోతే జీతం లేని సెలవు. రాజీనామా ఈ మెట్లన్నీ దిగాక వచ్చే చివరి మెట్టు. ప్రభుత్వోద్యోగంలో రాజీనామా చేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు పింఛనుకు లెక్కలోకి రాదు. ప్రైవేటులో ఐదేళ్లు నిండకుండా వదిలితే గ్రాట్యుటీ రాదు. (ప్రైవేటు విద్యాసంస్థల టీచర్లకూ గ్రాట్యుటీ వర్తిస్తుందన్న సవరణను 2022లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఈ సంగతి తెలియక ఊరికే వదిలేసుకున్నవాళ్లు నాకు తెలుసు.) ఫెలోషిప్ మీద ఆశ పెట్టుకోకండి. జేఆర్ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, మంచి మొత్తమే, కానీ దానికి వయోపరిమితి 30 ఏళ్లు. సెంట్రల్ యూనివర్సిటీల్లో నెట్ లేనివారికిచ్చేది నెలకు 8,000. 2015లో దాన్నీ ఎత్తేయబోతే విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు రోజుల తరబడి కూర్చున్నారు. నలభై ఏళ్ల సంసారికి ఈ రెండూ అందవు.

డిగ్రీ వస్తే అంతకంత తిరిగొస్తుందా? ఇక్కడ ప్రభుత్వం ఆడిన ఆట చెప్పుకోవాలి. యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి 2021 జూలై 1 నుంచి పీహెచ్.డి. తప్పనిసరి అని 2018లో రాశారు. కోవిడ్ వచ్చి దాన్ని 2023 జూలై 1కి జరిపారు. ఆ రోజు వచ్చేసరికి నెట్ గానీ సెట్ గానీ ఉంటే చాలు, పీహెచ్.డి. ఐచ్ఛికం అన్నారు. ఆ గడువును నమ్ముకుని ఉన్న ఉద్యోగాలు వదిలి పరుగెత్తినవాళ్లకు ఎవరు జవాబు చెబుతారు? అసోసియేట్ ప్రొఫెసరు కావాలంటే డాక్టరేటు ఇప్పటికీ కావాలి, తొలి పదోన్నతి కూడా ఆరేళ్లకు బదులు నాలుగేళ్లకు వస్తుంది. కానీ ఈ లాభాలు సర్వీసులో ఉన్నవాడికి. రాజీనామా చేసినవాడు మళ్లీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూడాలి. 2014-15లో దేశంలో పీహెచ్.డి. చేస్తున్నవారు 1.17 లక్షలు, 2021-22కి 2.12 లక్షలు అయ్యారు. ఆ వరుసలో నిలబడాలి.

డబ్బు సంగతి అలా ఉంచి, అసలు ప్రశ్నకు వద్దాం. తీరిక దొరికితే మనిషి రాస్తాడా? అమెరికాలో రాబర్ట్ బోయిస్ అనే మనస్తత్వవేత్త అధ్యాపకుల రాతకోతలను ఏళ్ల తరబడి గమనించి 1990లో ఒక పుస్తకం వేశాడు. పెద్ద తీరిక దొరికినప్పుడు ఒక్క ఊపున రాసేద్దామని వాయిదా వేసేవాళ్ల కంటే, పనుల మధ్యనే రోజూ కాసేపు రాసేవాళ్లే ఎక్కువ పేజీలు పూర్తి చేస్తారన్నది ఆయన తేల్చింది. ఇటలీలో ఉంబెర్టో ఎకో 1977లో థీసిస్ ఎలా రాయాలో చెబుతూ, ఆరు నెలలకు తగ్గకూడదు, మూడేళ్లు మించకూడదన్నాడు. మూడేళ్లలో కాలేదంటే విషయం ఎంపికలో తప్పుండవచ్చని ఆయన వాదన. ఎకో దృష్టిలో ఉన్నది ఇటలీ డిగ్రీ థీసిస్, మన పీహెచ్.డి. కాదు. అయినా ఉద్యోగాలు చేసుకుంటూ చదివేవాళ్లను మనసులో పెట్టుకుని రాశాడు కనుక మనకూ పనికొస్తుంది. మధ్యలో వదిలేసినవాళ్ల మీద బార్బరా లొవిట్స్ 2001లో పుస్తకం తెచ్చింది. వదిలేసినవాళ్లు పూర్తి చేసినవాళ్ల కంటే చదువులో తీసిపోలేదు, విభాగం వాళ్లను పట్టించుకోకపోవడమే అసలు జబ్బు అంటుందామె.

ఈ ముగ్గురినీ కలిపి చదివితే నాకు ఒక సంగతి తేటపడింది. ఉద్యోగం మానేస్తే దొరికేది సమయం ఒక్కటే. విషయం మరీ పెద్దదైతే అది చిన్నది కాదు. గైడు ఫోనెత్తకపోతే ఎత్తడం మొదలుపెట్టడు. రాయడం అలవాటు లేనివాడికి రాత్రికి రాత్రే అలవాటు రాదు. నాకు తెలిసిన ఒకాయన సినాప్సిస్ తప్ప ఏమీ రాయకుండా రాజీనామా చేశాడు. మొదటి నెల ఇంటికి సున్నం వేయించాడు, రెండో నెల పుస్తకాలు సర్దాడు. ఏడాది తిరిగేసరికి ఒక కోచింగ్ సెంటర్లో గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాడు, మునుపటి జీతంలో సగానికి. థీసిస్ ఇప్పటికీ సినాప్సిస్ దగ్గరే ఉంది. ఇంకొకాయన క్షేత్ర పరిశోధన అంతా అయిపోయి, ఏడు అధ్యాయాల చిత్తుప్రతి చేతిలో పెట్టుకుని, గైడుతో నెల నెలా తేదీలు రాయించుకుని, అప్పుడు వదిలాడు. ఎనిమిది నెలల్లో సబ్మిట్ చేశాడు. ఇద్దరికీ దొరికిన తీరిక ఒకటే.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిల్లర బాధ ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చేతిరాతను డీటీపీ షాపులో ఇస్తాం, వాళ్లు యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొడతారు. మొదటి ప్రూఫులో "ప్రబంధం" "ప్రంబధం" అవుతుంది, రెండో ప్రూఫులో అది సరై పక్క పదం చెడుతుంది. ఆపరేటరుకు పెళ్లి కార్డుల సీజన్ వస్తే థీసిస్ పక్కకు పోతుంది. అను నుంచి యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెల్లాచెదురు. ఇలా ఆదివారాలన్నీ షాపులో పోతాయి. యూనికోడ్‌లో సొంతంగా టైపు చేయడం నేర్చుకుంటే ఈ ఆదివారాలు మిగులుతాయి. ఒక నెల జీతం లేని సెలవు కంటే ఇది ఎక్కువ సమయం ఇస్తుందని నా నమ్మకం. నవ్వకండి, లెక్క వేసి చూసుకున్నాను.

ఆడవాళ్ల విషయంలో లెక్క మొత్తం తలకిందులవుతుంది. థీసిస్ కోసం ఉద్యోగం మానిన మగవాణ్ణి మామగారు, "ఏమిటి అల్లుడుగారూ, మానేశారట?" అని ఒకసారి అడుగుతారు, ఇంట్లో వాళ్లు గది తలుపు దగ్గరకు వేస్తారు. ఆడమనిషి మానేస్తే, "ఎలాగూ ఇంట్లోనే ఉంటోందిగా" అన్న మాట మర్నాడే మొదలవుతుంది. అత్తగారి ఆసుపత్రి, ఆడపడుచు పురుడు, గ్యాసు సిలిండరు, పిల్లల యూనిట్ టెస్టులు. నాకు తెలిసిన ఒకావిడ బ్యాంకు ఉద్యోగం వదిలి ఆరు నెలల్లో పద్దెనిమిది పేజీలు రాసింది. బ్యాంకులో ఉన్నప్పుడు లంచ్ గంటలో, బస్సులో అంతకంటే ఎక్కువే రాసేది. చివరికి ఒక గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకుని పొద్దున తొమ్మిదికి టిఫిన్ బాక్సు పట్టుకుని ఆఫీసుకు వెళ్లినట్టే వెళ్లి, సాయంత్రం ఐదుకు వచ్చేది. అప్పుడు పూర్తయింది. ఆమెకు కావలసింది ఇంటి బయట ఒక కుర్చీ. 2021-22 నాటికి మన దేశంలో పీహెచ్.డి. చేస్తున్న మహిళలు దాదాపు లక్షమంది. వాళ్లకు నిబంధనలు ఇచ్చిన అదనపు రెండేళ్లు దయాధర్మం కాదు, ఈ పద్దెనిమిది పేజీల పరిహారం.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇబ్బంది వేరు. హెచ్1బీ మీద ఉన్నవాడు ఉద్యోగం పోయిన 60 రోజుల్లో మరో దారి చూసుకోవాలి, గ్రీన్‌కార్డు వరుసలో ఉంటే అది యజమానితో ముడిపడి ఉంటుంది. అందుకే అక్కడ థీసిస్ మిగిల్చుకున్న తెలుగు ఇంజినీర్లు ఎక్కువమంది ఉద్యోగం వదలరు, థీసిస్సే వదిలేస్తారు.

డీటీపీ షాపు లెక్చరరు రాజీనామా చేయలేదు. సర్వీసు రిజిస్టరు చూసుకుని ఆరు నెలలు హాఫ్ పే లీవు పెట్టాడు, అప్పటికి నాలుగు అధ్యాయాలు తేల్చుకుని. ఇంట్లో బంగారం కొంత బ్యాంకులో పెట్టాల్సి వచ్చింది. రీ-రిజిస్ట్రేషన్‌లో మొదటి ఏడు పూర్తవకముందే సబ్మిట్ చేశాడు. సెలవు ఇవ్వనన్న ప్రిన్సిపాల్ చేత ఇప్పించినది మాత్రం నా సలహా కాదు, అతను ఫైల్లోంచి వెతికి తీసిన ఎన్వోసీ జిరాక్సు. విధులు చాలినంత సమయం మిగులుస్తాయన్న వాక్యం కింద గీత గీసి, లీవు అప్లికేషన్‌కు జత చేశాడు.

ఆ కాగితం మీ ఫైల్లోనూ ఉంటుంది. రాజీనామా ఉత్తరం రాసే ముందు ఒకసారి తీసి చదవండి, సెలవు కాదంటే ఆ కాదన్న మాట రాతలో ఇమ్మని అడగండి.